నడవలేని రోజుల పద్దు

(మేడ్చల్ విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన స్మారకోపన్యాసం)



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు, ఏ విషయం మాట్లాడమంటారని అడిగాను. "ఇన్నేళ్ళు బ్యాంకులో కూర్చున్నారు కదా సార్, మా డబ్బు గురించే చెప్పండి" అన్నారు. అలాగే చెబుతాను. కానీ మాస్టారు చివరి రోజుల్లో ఏ డబ్బునైతే లెక్కపెట్టుకున్నారో ఆ డబ్బు గురించి చెబుతాను. పక్షవాతం వచ్చిన భార్యను ఆయన ఇంట్లోనే పెట్టుకుని ఏళ్ళ తరబడి చూసుకున్నారు. పింఛను కోసం మా బ్రాంచికి వచ్చినప్పుడల్లా నోట్లు విడివిడిగా కవర్లలో సర్దుకునేవారు. పగటి ఆయమ్మకు ఒకటి, రాత్రి ఆయమ్మకు ఒకటి, డైపర్లకూ ఎయిర్ బెడ్డు అద్దెకూ ఒకటి, డాక్టరుకూ మందులకూ ఒకటి. అన్నిటికన్నా పలచగా ఉండేది ఆ డాక్టరు కవరే.

మనలో చాలామంది దీనికి తలకిందులుగా లెక్క వేసుకుంటున్నారు. వృద్ధాప్యమంటే ఆసుపత్రి ఖర్చు అనుకుని, దానికోసం ఇన్సూరెన్సు కట్టి, నిశ్చింతగా కూర్చుంటున్నారు. ఆసుపత్రి ఖర్చు ఒక వారంలో వచ్చి పోతుంది. మంచం దగ్గరి ఖర్చు ఏళ్ళ తరబడి ప్రతి నెలా వస్తుంది. ఇవాళ మన చుట్టుపక్కల పెద్దల కోసం కడుతున్న ఇళ్ళను చూసి వచ్చి, కొనాలా, అద్దెకు వెళ్ళాలా, డిపాజిట్టు కట్టాలా అని నన్ను అడిగేవాళ్ళకు చెప్పేది ఒకటే. నడవగలిగిన రోజుల్లో ఉండే ఇల్లు వేరు, నడవలేని రోజుల్లో అందే సేవ వేరు. ఒకటి కొంటే రెండోది దానంతటదే రాదు.

ఈ ఇళ్ళు ఇటువైపు ఎందుకు వస్తున్నాయో మీకు తెలుసు. పడమటి వైపు గచ్చిబౌలి, కొల్లూరు భూముల ధరలు మన అందుబాటులో లేవు. ఇటు అవుటర్ రింగ్ రోడ్డుకు మేడ్చల్ దగ్గర ఆరో ఎగ్జిట్, శామీర్‌పేట దగ్గర ఏడో ఎగ్జిట్ ఉన్నాయి. ఒకవైపు నాగపూర్ హైవే, ఇంకోవైపు రాజీవ్ రహదారి. మేడ్చల్ దాకా 2023లో ఎంఎంటీఎస్ వచ్చింది. గౌడవెల్లిలో సాకేత్ ప్రణామం లాంటి పెద్దల అపార్ట్‌మెంట్లు లేచాయి. శామీర్‌పేట చెరువు గాలి, నల్సార్, బిట్స్ క్యాంపస్‌ల పచ్చదనం చూపించి అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇవన్నీ మంచివే. డెబ్బై ఏళ్ళ దంపతులకు పొద్దున్నే నడవడానికి ఒక బాట, తోటివాళ్ళతో కబుర్లు, వండిపెట్టే వంటగది దొరకడం చిన్న విషయం కాదు. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే, అల్వాల్‌లో మూడు బెడ్‌రూముల ఇంట్లో ఇద్దరే కూర్చుని టీవీ చూడటం కన్నా అది ఎన్నో రెట్లు నయం. కన్నబిడ్డలు ఉండగా ఆశ్రమానికి వెళ్ళారన్న మాట పడటానికి ఇంకా భయపడేవాళ్ళకు నేను గట్టిగా చెబుతున్నాను: ఇందులో తలవంచుకోవాల్సింది ఏమీ లేదు.

అయితే అమ్మకానికి పెట్టిన ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు మీకు క్లబ్‌హౌస్ చూపిస్తారు. మంచం పట్టినవాళ్ళు ఉండే గదులు చూపించమని అడగండి. "ఇక్కడ అలాంటివాళ్ళు లేరు సార్, అందరూ యాక్టివ్‌గా ఉంటారు" అన్నారంటే, ఆ మాట వెనక ఉన్న అర్థం ఆలోచించండి. లేకపోవడమెలా? అక్కడ ఎవరికీ ఎనభై దాటలేదా? దాటినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు? ఆ గదులు ఉంటే, ఆదివారం సాయంత్రం ఒకసారి, చెప్పకుండా, వెళ్ళండి. గుమ్మంలో నిలబడి వాసన చూడండి. రాత్రి పదింటి తర్వాత ఎంతమంది పేషెంట్లకు ఎంతమంది ఆయమ్మలు ఉంటారో, వాళ్ళలో రైల్స్ ట్యూబుతో తిండి పట్టడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం తెలిసినవాళ్ళు ఎవరో అడగండి. వీపు మీద పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి తిప్పుతున్నారో రాసే కాగితం మంచం దగ్గర ఉందో లేదో చూడండి. బ్రోచరు మొత్తం కన్నా ఆ ఒక్క కాగితం ఎక్కువ చెబుతుంది.

1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ డాక్టరు, మనిషి ఎంతవరకు సొంతంగా బతకగలడో చెప్పడానికి ఆరు పనులు ఎంచి పెట్టారు. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళడం, మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తన చేత్తో తినడం. ప్రపంచంలో చాలాచోట్ల ఇప్పటికీ ఆ ఆరింటితో కొలుస్తున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఇందులో రెండు మూడు పనులకు సాయం కావలసి వచ్చిందంటే వైద్యం కన్నా సంరక్షణ పెద్ద ఖర్చుగా మారే రోజు వచ్చిందన్నమాట.

ఇన్సూరెన్సు ఆ రోజున ఏం చేస్తుంది? మీ పాలసీ కాగితాలు ఇంటికి వెళ్ళి తీయండి. మినహాయింపుల పేజీలో "ఎక్స్‌క్లూజన్ 05" అన్న అంశం చదవండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే రకంగా రాయించిన మినహాయింపుల్లో అదొకటి. స్నానం చేయించడం, బట్టలు కట్టడం, అటూ ఇటూ నడిపించడం లాంటి సొంత పనుల్లో సాయం, అది ఇంట్లో అయినా నర్సింగ్ కేంద్రంలో అయినా, శిక్షణ ఉన్న నర్సు చేసినా మామూలు మనిషి చేసినా, చెల్లించనక్కరలేదని ఆ అంశం చెబుతుంది. కాట్జ్ చెప్పిన ఆరు పనులూ దాదాపుగా ఆ మినహాయింపులోకే వస్తాయి. 2024 ఏప్రిల్ నుంచి అన్ని వయసులవాళ్ళకూ పాలసీలు అందుబాటులో ఉంచాలని కంపెనీలకు నిబంధన పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో డెబ్బై దాటినవాళ్ళందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా అయిదు లక్షల ఆయుష్మాన్ రక్షణ మొదలైంది. రెండూ పెద్దలకు నిజంగా మేలు చేసేవే, తీసుకోండి. కానీ అవి ఆసుపత్రి పడక వరకే. డిశ్చార్జి చేసి ఇంటికి పంపాక కొద్ది రోజుల మందుల ఖర్చు వచ్చినా, మంచం దగ్గరి సంరక్షణ ఖర్చంతా మీ జేబులోంచే.

ఇక జేబు సంగతి. ఈ సభలో కూర్చున్నవాళ్ళందరిదీ ఒకటే జేబు కాదు. సెంట్రల్ గవర్నమెంటు నుంచో, బ్యాంకు నుంచో, రాష్ట్ర ప్రభుత్వం నుంచో రిటైరైనవాళ్ళకు డీఏ పెరిగే పింఛను ఉంది. సైన్యంలో పనిచేసి బొల్లారం, యాప్రాల్ వైపు స్థిరపడినవాళ్ళకు ఈసీహెచ్ఎస్ వైద్య సదుపాయం కూడా ఉంది. ఐడీపీఎల్, హెచ్ఎంటీ, ఆ చుట్టుపక్కల ప్రైవేటు ఫ్యాక్టరీల్లో జీవితమంతా పనిచేసినవాళ్ళకు ఈపీఎస్-95 పింఛను వస్తుంది. అందులో కనీస మొత్తం 2014 సెప్టెంబరు నుంచి వెయ్యి రూపాయలు. ఏ పింఛనూ లేని పేద వృద్ధులకు రాష్ట్రం 2019లో పెంచి ఇచ్చిన ఆసరా 2,016 రూపాయలు. ప్రభుత్వ ఉద్యోగీ ఫ్యాక్టరీ ఉద్యోగీ ఇద్దరూ జీవితమంతా చెమట కార్చినవాళ్ళే అయినా, ఒకరి పింఛను ఇంకొకరి పింఛనుకు ముప్పై నలభై రెట్లు ఉండటం నా కౌంటరు దగ్గర నేను రోజూ చూశాను. పెద్దల అపార్ట్‌మెంట్ల గురించి మాట్లాడుతున్నప్పుడు ఈ చిన్న పింఛనువాళ్ళు అసలు మాటలోకే రాకపోవడం నన్ను కలవరపెడుతుంది. వాళ్ళ సంగతికి మళ్ళీ వస్తాను.

మధ్యస్థంగా ఉన్న ఒక జంటను తీసుకుందాం. ఇల్లు అమ్మిన డబ్బు, పీఎఫ్ డబ్బు కలిపి చేతిలో ఉన్నాయి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో భార్యాభర్తలు చెరో ముప్పై లక్షలు పెట్టుకోవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి దాని వడ్డీ 8.2 శాతం. అరవై లక్షల మీద మూడు నెలలకోసారి 1,23,000 వస్తుంది. నెలకు చూస్తే 41,000. ఇప్పుడు ఒక కేంద్రంలో తిండి, నిర్వహణ, కరెంటు కలిపి ఇద్దరికీ నెలకు 40,000 అనుకోండి. ఇది నేను ఉదాహరణకు తీసుకున్న అంకె, ఏ సంస్థ ధరా కాదు. లెక్క సరిపోయిందని సంతకం పెట్టేస్తారు. ఒప్పందంలో ఏటా ఎనిమిది శాతం పెంపు అని ఒక మూల ఉంటుంది. ఎన్నేళ్ళలో రెట్టింపవుతుందో చూసే లెక్క ప్రకారం డెబ్బై రెండును ఎనిమిదితో భాగిస్తే తొమ్మిది. అంటే తొమ్మిదేళ్ళలో నలభై వేలు ఎనభై వేలవుతుంది, పద్దెనిమిదేళ్ళలో లక్షా అరవై వేలు. డెబ్బైలో చేరిన మనిషికి ఎనభై ఎనిమిదో ఏట ఆ బిల్లు వస్తుంది. ఆయమ్మల ఖర్చు దానికి అదనం. వడ్డీ మాత్రం ఆ నలభై ఒక్క వేల దగ్గరే ఉంటుంది, అది కూడా రేటు తగ్గకపోతే. అందుకని వచ్చిన వడ్డీ అంతా మొదటి ఏళ్ళలోనే ఖర్చుపెట్టే ఏర్పాటు చేసుకోకండి. మొదటి పదేళ్ళు వడ్డీలో కొంత మళ్ళీ అసలులో కలవాలి. అలా కలపలేని పరిస్థితి ఉంటే ఆ ఇల్లు మీ స్తోమతకు మించినదని తెలుసుకోవాలి.

కొనుక్కోవడమా, డిపాజిట్టా అన్న ప్రశ్న మీద నా అభిప్రాయం దాచుకోను. రిజిస్ట్రేషను చేయించుకుని కొన్న ఫ్లాటు మీదే అయినా, అందులో ఉండటానికి వయసు నిబంధన ఉంటుంది. నలభై ఏళ్ళ కొడుకు వచ్చి అక్కడ కాపురం పెట్టలేడు. మళ్ళీ అమ్మాలంటే కొనేవాళ్ళూ ఆ వయసువాళ్ళే కావాలి, కాబట్టి తొందరగా డబ్బు చేతికి రాదు. తిరిగి ఇచ్చే డిపాజిట్టు పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు కానీ, అది బిల్డరుకు మీరిచ్చిన అప్పు లాంటిది. బ్యాంకు ఫిక్సెడ్ డిపాజిట్టుకు డిపాజిట్ బీమా సంస్థ 2020 నుంచి అయిదు లక్షల వరకు హామీ ఇస్తోంది. ఈ డిపాజిట్టుకు ఆ హామీ లేదు. సంస్థ మునిగితే మీరు కూడా అందరు అప్పులవాళ్ళ వరసలో నిలబడాలి. అందుకే మొదటి ఏడాది అద్దెకే ఉండమంటాను. ఒక ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్లు ఎలా వస్తాయో, ఒక వానాకాలం రోడ్డు ఎలా ఉంటుందో, రాత్రి గుండె నొప్పి వస్తే శామీర్‌పేట నుంచి అల్వాల్, లోతుకుంట, తిరుమలగిరి మీదుగా సికింద్రాబాద్ చేరడానికి అంబులెన్సుకు ఎంతసేపు పడుతుందో చూసుకుని అప్పుడు పెద్ద డబ్బు కట్టండి. ఆ దారిలో రక్షణ శాఖ భూముల వల్ల రోడ్డు విస్తరణ ఎన్నో ఏళ్ళు ఆగిపోయింది. ఎలివేటెడ్ కారిడారుకు 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. అది పూర్తయ్యేదాకా దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉందన్నది ముఖ్యం. మేడ్చల్ వైపువాళ్ళకు ఘన్‌పూర్‌లో మెడిసిటీ ఉండటం ఆ లెక్కలో పెద్ద ఊరట.

చాలామందికి ఉన్న అసలు ఆస్తి సొంత ఇల్లు. దాన్ని అమ్మకుండానే నెలనెలా డబ్బు తీసుకునే రివర్స్ మార్ట్‌గేజ్ పద్ధతిని నేషనల్ హౌసింగ్ బ్యాంకు 2007లో తెచ్చింది. అరవై దాటినవాళ్ళు తాము ఉంటున్న ఇంటిని తాకట్టు పెట్టి, తాము బతికున్నంత కాలం అందులోనే ఉండొచ్చు. ఎంతో ఆశతో ఆ ఫారాలు మా బ్రాంచికి తెప్పించాను. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కాగితాల దగ్గరే ఆగిపోయారు. ఈ మండలాల్లో గ్రామ పంచాయతీ లేఅవుట్లు ఎక్కువ. ఎల్ఆర్ఎస్ కాలేదు, అనుమతి ఒక అంతస్తుకు ఉంటే కట్టింది మూడు, కొన్నిచోట్ల నోటరీ కాగితమే ఆధారం. బ్యాంకు లీగల్ రిపోర్టు అలాంటివాటికి రాదు. ఇంకా చేతులూ కాళ్ళూ ఆడుతున్నప్పుడే ఇంటి కాగితాలు సరిచేసుకోండి. అమ్మకానికైనా అప్పుకైనా అదే అవసరం.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. బతికుండగానే ఇల్లు పిల్లల పేర గిఫ్ట్ డీడ్ చేయడం. ప్రేమతోనే చేస్తారు. తర్వాత మంచం పట్టిన రోజున అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షను ఉంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే, ఆ రాత రద్దు చేయించవచ్చు. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు, ఈ చట్టాన్ని పెద్దలకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలనీ, ట్రిబ్యునల్ ఆస్తిని తిరిగి స్వాధీనం కూడా చేయించవచ్చనీ తేల్చింది. అయినా నా సలహా మారదు. రాయాలనుకుంటే వీలునామా రాయండి. గిఫ్ట్ తప్పదంటే, తిండి, మందులు, సంరక్షణ చూడాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. ఆర్డీఓ ట్రిబ్యునల్ పిల్లల నుంచి ఇప్పించగల నెలసరి భృతికి ఆ చట్టం పెట్టిన పరిమితి పదివేలు, అది 2007 నాటి పదివేలు. ఇవాళ ఇరవై నాలుగ్గంటల ఆయమ్మ జీతం దానికి రెట్టింపు పైనే. కోర్టుకు వెళ్ళి గెలిచినా సగం నెల గడవదు.

బ్యాంకు మనిషిగా ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. "మా అబ్బాయికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాను, ఇంక భయం లేదు" అంటుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, ఇచ్చిన మనిషికి మతి తప్పితే ఆ అధికారం కూడా పోతుంది. అంటే డిమెన్షియా వచ్చి, ఆ కాగితం అవసరపడే సరికి, అది చెల్లదు. ఒంట్లో బాగోలేక సంతకం చేయలేనివాళ్ళకు వేలిముద్రతో, అదీ కాకపోతే కాలి వేలిముద్రతో, ఇద్దరు సాక్షుల ముందు డబ్బు ఇచ్చే వీలు రిజర్వు బ్యాంకు కల్పించింది. మతి తప్పినవాళ్ళ ఖాతాకు మాత్రం కోర్టు నియమించిన గార్డియన్ కావాలి. సంరక్షణ కేంద్రంవాళ్ళు నెల బిల్లు అడుగుతుంటే, తండ్రి ఖాతాలో నలభై లక్షలుండి కూడా ఒక్క రూపాయి తీయలేక, కూతురు నా ఎదురుగా కూర్చుని ఏడ్చిన రోజు ఉంది. నమ్మకమైన ఒక్కరితో కలిపి ఖాతాలు "ఐదర్ ఆర్ సర్వైవర్" చేయించుకోండి. అలాగే ఆఖరి దశలో వెంటిలేటరు మీద పెట్టాలో వద్దో ముందే రాసిపెట్టే హక్కు 2018లో సుప్రీంకోర్టు ఇచ్చింది. 2023లో పద్ధతి సులువు చేసి, ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ ముందో గెజిటెడ్ ఆఫీసరు ముందో రాస్తే చాలంది. పిల్లలు విమానం దిగేలోపు ఆసుపత్రిలో జరిగిపోయే నిర్ణయాలకు ఆ కాగితమే ఆధారం.

ఇప్పుడు ప్రభుత్వం వైపు చూద్దాం. జర్మనీ 1995లో, జపాన్ 2000లో, సంరక్షణ కోసమే విడిగా బీమా తెచ్చాయి. జపాన్‌లో నలభై నిండిన ప్రతివారూ నెలనెలా అందులో కడతారు. స్నానం చేయించడానికి మనిషి కావలసి వచ్చిన రోజున ఖర్చులో చిన్న భాగమే తాము భరిస్తారు. మనకు అలాంటిది లేదు. కనీసం నియంత్రణ అయినా ఉండాలి. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ అయిన రెరా, బిల్డరు ఇల్లు కట్టి అప్పగించేదాకా చూస్తుంది, కట్టడంలో లోపాలుంటే అయిదేళ్ళ వరకు చూస్తుంది. పదిహేనో ఏట రాత్రి ఆయమ్మ వచ్చిందా లేదా అన్నది దాని పరిధిలో లేదు. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ ఇళ్ళకు నమూనా మార్గదర్శకాలు పంపింది. అమ్మే సంస్థ, సేవలందించే సంస్థ, కొనేవారు ముగ్గురూ కలిసి సంతకం పెట్టే ఒప్పందం ఉండాలంది. మహారాష్ట్ర రెరా 2024లో పెద్దల ఇళ్ళకు తలుపు వెడల్పు నుంచి లిఫ్టు దాకా నిబంధనలు పెట్టింది. ఇన్ని ప్రాజెక్టులు మన గుమ్మంలోకి వస్తున్నప్పుడు మన రెరా కూడా ఆ పని చేయాలని ఈ సభ అడగాలి.

ఈపీఎస్ వెయ్యి రూపాయలవాళ్ళ సంగతికి వస్తానన్నాను. అదే 2007 చట్టంలోని 19వ సెక్షను, ప్రతి జిల్లాలో దిక్కులేని వృద్ధులు కనీసం నూట యాభై మంది ఉండగల ఆశ్రమం ఒకటైనా రాష్ట్రం పెట్టవచ్చు అంటుంది. పెట్టి తీరాలి అనలేదు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అంటే ఎంత జనాభానో మీకు తెలుసు. నూట యాభై మంచాలు ఏ మూలకు? నాకు తోచింది చెబుతాను. ఆ సెక్షను కింద కట్టేది ఏదైనా, నడవగలిగినవాళ్ళకు హాస్టలుగా కాకుండా మంచం పట్టినవాళ్ళకు సేవాకేంద్రంగా కట్టాలి. నడవగలిగిన పేద వృద్ధుణ్ణి పల్లె ఎలాగో చూసుకుంటుంది. పక్కింటివాళ్ళు ఒక ముద్ద పెడతారు. రోజుకు నాలుగుసార్లు బట్టలు మార్చి శుభ్రం చేయడానికి పక్కింటివాళ్ళు రారు. పెద్దల కోసం హైదరాబాద్‌లో మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించిన 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోను చేస్తే దారి చెబుతారు. ఆ దారి చివర మంచం ఉండాలి కదా.

ఆ మంచం దగ్గర నిలబడే మనిషి కూడా ఉండాలి. ఇవాళ మన ఇళ్ళకు వచ్చే ఆయమ్మల్లో ఎంతోమంది ఉత్తరాంధ్ర నుంచీ ఒడిశా నుంచీ వస్తున్నారు. ఏజెన్సీకి మీరిచ్చేదాంట్లో వాళ్ళ చేతికి ఎంత చేరుతోందో ఎప్పుడైనా అడిగారా? పన్నెండు గంటల డ్యూటీకి వచ్చిన అమ్మాయికి పడుకోవడానికి ఒక చాప, వేళకు అన్నం, నెలకు నాలుగు సెలవులు ఇవ్వని ఇంట్లో ఆమె రెండో నెల ఉండదు. సంస్థల్లో కూడా అంతే. ఏ కేంద్రంలో ఆయమ్మలు మూడు నాలుగేళ్ళుగా మారకుండా పనిచేస్తున్నారో అక్కడ పెద్దవాళ్ళ ఒళ్ళు పుండ్లు పడదు. ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసే గుర్తు అదే. అలియాబాద్, తుర్కపల్లి, గుండ్లపోచంపల్లి ఊళ్ళలో పదో తరగతి చదివిన ఆడపిల్లలకు ఈ పనిలో మంచి శిక్షణ ఇప్పించి, ఈఎస్ఐతో సహా సరైన జీతం కట్టిస్తే, మనకూ వాళ్ళకూ ఇద్దరికీ ఆసరా దొరుకుతుంది. మీ సంఘం దగ్గర హాలు ఉంది, సభ్యుల్లో రిటైరైన నర్సులూ ఉన్నారు. మొదలుపెట్టడానికి ఇవి చాలు.

చివరిగా ఒక పని అడుగుతాను. మీలో ఇప్పటికే ఏదో ఒక కేంద్రంతో ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్ళు ఉన్నారు. ఆ ఒప్పందం నకలు ఒకటి, పేర్లు కొట్టేసి, సంఘం ఆఫీసులో ఇవ్వండి. ఆరోగ్యం క్షీణిస్తే నివాసిని మరో చోటికి తరలించవచ్చు అన్న షరతు అందులో ఎక్కడ ఉందో, ఆ నిర్ణయం ఎవరిదో, ఎన్ని రోజుల గడువిస్తారో, దంపతుల్లో ఒకరు పోతే నెల రుసుము తగ్గుతుందో లేదో, ఏటా పెంపుకు పరిమితి ఉందో లేదో, డిపాజిట్టు ఎన్ని నెలల్లో తిరిగిస్తారో, ఇవన్నీ ఒక లాయరుతో కలిసి వరసగా చదువుదాం. వచ్చే నెల మొదటి ఆదివారం పది గంటలకు ఈ హాల్లోనే కూర్చుందాం. కొత్తగా కొనాలనుకుంటున్నవాళ్ళు అప్పటిదాకా అడ్వాన్సు కట్టకుండా ఆగండి.